పదకొండు రోజుల్లో నేర్పిన పని

"మిషన్ కుట్టా, బ్యూటీషియనా? తొందరగా చెప్పక్కా," అంది గ్రామ సచివాలయంలో మస్తానమ్మ దరఖాస్తు నింపుతున్న ఉద్యోగిని జబీనా. రొయ్యల కంపెనీ వియత్నాంకు తరలిపోయి పని పోయినవాళ్ళకు ప్రభుత్వం మూడు నెలల శిక్షణ, భృతి ఇస్తోంది.

"నీకేది తోస్తే అది రాయి పాపా. నాకేదో ఒక పని కావాల. రొయ్యలు వలిచేది తప్ప ఇంకేందీ రాదు," అంది మస్తానమ్మ.

"పని ఎందుకు పోయింది?" దరఖాస్తులో తర్వాతి ప్రశ్న చదివింది జబీనా.

"నా వల్లే."

జబీనా పెన్ను ఆగింది.

"పోయిన్నెల ఆ దేశం నుంచి ముగ్గురు ఆడపిల్లలొచ్చినారు. రొయ్య వీపు చీల్చకుండా నరం లాగేది నేర్పించమన్నాడు సూపర్‌వైజరు. ఆర్నెల్లు పట్టే పని, పదకొండు రోజుల్లో నేర్పించినా. పన్నెండో రోజు గేటుకు తాళం! తోటోళ్ళు నాతో మాట్లాడితే ఒట్టు."

"వాళ్ళకు తెలుగొచ్చా?"

"తెలుగా? నవ్వేదొచ్చు. వేళ్ళు పట్టుకోని చూపించినా. తప్పు చేస్తే చేతి మీద ఒకటేసేదాన్ని. దానికీ నవ్వేవోళ్ళు."

జబీనా ఆ కాగితం పక్కన పెట్టి ఇంకొకటి తీసింది.

"రొయ్యలు వలిచి చెన్నైకి పంపేదానికి బోగోలు మహిళా సంఘం వాళ్ళకు ఇదే పథకంలో శిక్షణ ఉందక్కా. రెండు నెలలుగా ఆగిపోయుంది. అక్కడ నీ పేరు రాస్తా."

"నేర్చుకునేదానికా?"

"నేర్పేదానికి. నేర్పేవాళ్ళు దొరక్కనే అది ఆగిపోయింది."

మస్తానమ్మ అనుమానంగా ముందుకు వంగింది.

"ఈ తూరి నేర్పిస్తే నా పని పోదు గదా?"