మూడు రోజుల ఆలస్యం

గల్ఫ్‌లో, అజైబాలోని ఇన్సూరెన్స్ ఆఫీసులో నాగేంద్రప్రసాద్ ఆ ఉదయం చాలా హుషారుగా ఉన్నాడు.

కొత్త చట్టం ఒకటి రాబోతోందని అందరూ చెప్పుకుంటున్నారు. సరైన కారణం లేకుండా క్లెయిమ్ కొట్టేస్తే కస్టమర్ కంపెనీని కోర్టుకి లాగొచ్చట. దాని మీద కంపెనీల అభిప్రాయాలు పంపమంది ప్రభుత్వం.

అది వస్తే అబద్ధాలకోర్లకి పండగేనని ఉదాహరణతో సహా రాయమన్నాడు మేనేజర్.

ఉదాహరణ కోసం వెతకనక్కర్లేదు. ఇబ్రి అనే ఊరి నుంచి వచ్చిన ఒక ఫైలంటే ఆఫీసంతటికీ నవ్వే.

వరదలో తన పికప్ కొట్టుకుపోయిందని ఒక మేస్త్రీ మూడు రోజులు ఆలస్యంగా చెప్పాడు. వాగులో చిక్కుకున్న ఎవరి బండినో బయటికి లాగుతూ, గట్టున పెట్టిన తన బండి సంగతే మర్చిపోయాడట. ఆ తర్వాత ఆ బండిలోని మనుషులతోనే ఆసుపత్రిలో ఉండిపోయాడట.

"సొంత బండిని ఎవడైనా మర్చిపోతాడా?" అంటూ నాగేంద్రప్రసాదే ఆ క్లెయిమ్ కొట్టేశాడు.

ఇప్పుడు ఆ మేస్త్రీ పేరుతో సహా అభ్యంతరం రాసి పంపేశాడు.

మధ్యాహ్నం ఇంకో క్లెయిమ్ చూడటానికి కారులో ఇబ్రి వెళ్ళాడు. ఊరి బయట వాగు అడ్డొచ్చింది. పారే వాగు దాటొద్దని కస్టమర్లకి పంచే కాగితం రాసింది తనే. అయినా చీలమండ లోతు నీళ్ళే కదా అని కారు దింపాడు.

సరిగ్గా నడిమధ్యలో ఇంజిన్ ఆగిపోయింది.

ఎగువన వాన పడుతున్నట్టుంది, చూస్తుండగానే నీళ్ళు తలుపు దాకా వచ్చాయి.

గట్టు మీద సైకిల్ తొక్కుకుంటూ పోతున్న ఒకాయన ఆగాడు. సైకిల్ అక్కడే పడేసి నీళ్ళలోకి దిగాడు.

"సారూ, న్యూట్రల్ల పెట్టుర్రి. నేను నూకుత," అని తొందరలో తన భాషలోనే అరిచాడు.

"మీ ఒక్కరి వల్ల ఏమవుతుందండీ?"

"తెలుగోళ్లా? అయితే ఇంక జల్ది అయితది."

ఆయన కేకేస్తే పక్క సైటులోని నలుగురు పరుగెత్తుకొచ్చారు. నవ్వుకుంటూ, కారుని తిట్టుకుంటూ అరగంట నెట్టారు. చివరికి కారు ఒడ్డెక్కింది.

నాగేంద్రప్రసాద్ ఆయన చేతులు పట్టుకున్నాడు. ఏడుపొచ్చింది. దాచుకోలేదు.

ఆయన మాత్రం వెనక్కి చూసి నెత్తి కొట్టుకున్నాడు. సైకిల్ పడేసిన చోట ఇప్పుడు నీళ్ళు పారుతున్నాయి.

"మల్ల యాది మరిచిన సారూ. పోయినేడు పికప్ పోయె, ఇయ్యాల సైకిల్ పోయె," అని పకపకా నవ్వాడు.

తడిసిన నలుగురూ ఆయనతో కలిసి నవ్వారు. నాగేంద్రప్రసాద్ నవ్వలేకపోయాడు.

"మీ పేరేంటండీ?" అని మెల్లగా అడిగాడు.

"భూమయ్య."

పొద్దున తను పంపిన అభ్యంతరంలో, అబద్ధాలకోరు అన్న మాట పక్కన ఉన్న పేరు అదే.