గ్లిజరిన్ లేని ఏడుపు

“కట్! రేణుకా, ఏమైంది నీకియ్యాల?”

మానిటర్ వెనకనుంచి డైరెక్టర్ జగదీశ్వర్ అరిచాడు. ఇబ్రహీంపట్నంలో షూటింగ్‌కని అద్దెకు తీసుకున్న ఇల్లది. హాలు మధ్యలో, తెల్లగుడ్డ కప్పిన పీనుగ పక్కన కూర్చున్న రేణుక తల దించుకుంది. కళ్ళు పొడిగా ఉన్నాయి.

గుడ్డ కింద ఉన్నవి రెండు దిండ్లు. సీరియల్‌లో కూతురిగా వేసే పాపను శవంలా పడుకోబెట్టడానికి వాళ్ళమ్మ ఒప్పుకోలేదు. ఉత్తుత్తిదైనా సరే, బతికున్న బిడ్డ మీద ఆ గుడ్డ కప్పనివ్వనంది. తల్లి వేషం రేణుకది. బిడ్డ పోయిందని ఆమె గుండెలు బాదుకుని ఏడవాలి. అంతే సీను.

“గ్లిజరిన్ పెట్టుమంటవా?”

“వద్దు సార్. ఇంకొక్క టేక్.”

రేణుక గ్లిజరిన్ వాడదని యూనిట్ మొత్తానికి తెలుసు. ఎలా ఏడుస్తుందో కూడా తెలుసు. ఆమె సొంత బిడ్డ జ్వరంతో దవాఖానలో కన్నుమూసింది. కెమెరా తిరగ్గానే ఆ పిల్లను తలుచుకుంటుంది, కళ్ళు నిండుతాయి. దూరం షాటుకు ఒకసారి, క్లోజప్‌కు ఒకసారి, లైటు కుదరలేదంటే మళ్ళీ ఒకసారి. సీరియల్‌లో అత్త తిట్టినా, మొగుడు కొట్టినా, ఇల్లు కాలిపోయినా ఆమె ఏడ్చేది ఆ పిల్లను తలుచుకునే. “చేసే పనిల దొంగతనం ఉండొద్దు” అనేది. ఆ పట్టుదల చూసే జగదీశ్వర్ ఆమెను గుంపులోనుంచి ముందుకు తెచ్చి, పేరున్న వేషం ఇచ్చాడు.

ఇప్పుడు అతనే లేచి ఆమె దగ్గరికొచ్చాడు.

“చూడు, ఛానెలోళ్ళు గీ ఎపిసోడ్ చూసినంకనే చెప్తమన్నరు. మంచిగొస్తే కథంత నీ మీదనే నడుస్తది. లేకుంటే నీ వేషం ఈడికే ఖతం. నీ వేషం కోసం ఎనక ఎంతమంది నిలవడ్డరో ఎరికే గదా?”

“ఎరికే సార్.”

“మరింక? మీ పాపను జర మంచిగ తలుసుకో.”

లైటు కొంచెం పక్కకు జరపమన్నంత మామూలుగా అన్నాడు ఆ మాట.

ఇంతలో ఇంటామె బుగ్గమ్మ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. “ఇంకెంతసేపు సారూ? పొద్దుగూకినంక పీనుగ నా ఇంట్ల ఉండొద్దు. ముందుగాలే చెప్పిన.”

“అవ్వా, అవి దిండ్లే.”

“దిండ్లయితేంది? ముంగట కూసొని ఏడుస్తున్నరా లేదా? రేపు గీడ దీపం ముట్టిచ్చుకునేది నేను, నువ్వు కాదు.”

లైట్లు పట్టుకున్నవాళ్ళు నవ్వారు. రేణుక నవ్వలేదు.

మళ్ళీ కెమెరా తిరిగింది. “నన్ను వదిలి వెళ్ళిపోయావా తల్లీ!” అంది రేణుక. ఒక్క అక్షరం తప్పు పోలేదు. ఒక్క చుక్క రాలనూ లేదు.

“కట్! బస్టాండ్ల అనౌన్స్ చేసినట్టున్నది.”

సీరియల్‌లో నాయనమ్మ వేషం వేసే వేదవతి వచ్చి రేణుక పక్కన కూర్చుంది. ఆవిడ ఈ పనిలో ముసలిదైపోయింది. “ఎందుకమ్మాయ్ ఈ పంతం? రెండు చుక్కలు వేసుకో. నా జుట్టు నల్లగా ఉన్నప్పటినుంచీ నేను వేసుకుంటూనే ఉన్నాను, నన్నెవరూ దొంగ అనలేదు. అంతా ఇక్కడే ఖర్చుపెట్టేస్తే ఇంటికి ఏం పట్టుకెళ్తావు?”

“దానితోని కండ్లు తడుస్తయమ్మా, గొంతు తడవదు. ఒక్క నిమిషం ఆగున్రి.”

కిటికీలోంచి వచ్చే ఎండ పలచబడింది. జగదీశ్వర్ గడియారం చూసుకుని, “ఇదే ఆఖరు” అన్నాడు.

రేణుక తెల్లగుడ్డ మీద చెయ్యి వేసి కళ్ళు మూసుకుంది. ఎవరినో పిలుస్తున్నట్టు పెదవులు కదిలాయి. నుదురు ముడిపడింది. మళ్ళీ పిలిచింది. కెమెరా తిరుగుతూనే ఉంది. జగదీశ్వర్ ఇక ఆపుదామని చెయ్యెత్తబోయాడు.

అప్పుడు రేణుక దిగ్గున కళ్ళు తెరిచింది. చేతిలోది ఎక్కడో జారిపోయినదానిలా గది నాలుగు మూలలూ వెతికింది. ఆ తర్వాత ఆమె గొంతులోంచి వచ్చింది రాసిచ్చిన మాట కాదు.

“యాడున్నవే బిడ్డా... ఒక్కపారన్న నా కండ్ల ముంగటికి రావే... అమ్మను గింత గోస పెడ్తవా బిడ్డా...”

ఊళ్ళో ఆడవాళ్ళు శోకం పెట్టినట్టే, రాగం తీస్తూ దిండ్ల మీద పడిపోయింది. వేదవతి తన డైలాగ్ మరచిపోయింది. గుమ్మంలో బుగ్గమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వెక్కింది. జగదీశ్వర్‌కు కట్ చెప్పాలన్న సంగతే గుర్తుకు రాలేదు. కెమెరామన్ వెనక్కి తిరిగి చూశాక చెప్పాడు.

హాలంతా చప్పట్లు మోగాయి.

“గిదీ యాక్టింగ్ అంటే! రాసింది కాకున్నా సరే, గట్లనే ఉంచుదం. ఇగ నీ వేషానికి ఫికర్ లేదు రేణుకా!”

లైట్లు ఆర్పారు. వైర్లు చుట్టారు. బుగ్గమ్మ తొందర పెడుతుంటే ఎవరో వచ్చి గుడ్డ లాగేసి దిండ్లు తీసుకెళ్ళారు. రేణుక మాత్రం ఉత్త నేల మీద కూర్చుని ఇంకా ఏడుస్తూనే ఉంది. వేదవతి ఆమె భుజాలు పట్టుకుని దగ్గరికి తీసుకుంది.

“ఊరుకో అమ్మాయ్, షాట్ అయిపోయింది. పాప అంతలా గుర్తొచ్చిందా?”

రేణుక తల అడ్డంగా ఊపింది.

“లేదమ్మా. పొద్దటిసంది పిలుస్తున్న. మా ఇంట్ల గోడ మీది ఫోటోనే వస్తున్నది గానీ, నా బిడ్డ మొఖం యాదికొస్తలేదు.”