ఎక్కువైంది

"ఆ కాగితం జర సూపియ్యి బిడ్డా."

మిర్యాలగూడ ల్యాబులో, బెంచీ మీద పక్కన కూర్చున్న ముసలామె అడిగింది.

మానసకు ఒళ్ళు మండింది. ఒళ్ళో మూడు నెలల కొడుకు, చేతిలో వాడి థైరాయిడ్ రిపోర్టు. ముక్కూ మొహం తెలియని మనిషికి ఎందుకు చూపించాలి?

భర్త మహిపాల్ రిపోర్టు అందుకుని చదివాడు. టీఎస్‌హెచ్ నంబరు పక్కన 'హెచ్' అన్న అక్షరం కనిపించింది.

"హెచ్ అంటే హై. థైరాయిడ్ ఎక్కువైంది. గోలీ ఎక్కువేస్తున్నట్టున్నం. రేపటి సంది సగమే వెయ్యి."

వాడు పుట్టిన వారానికే, థైరాయిడ్ తక్కువుందని హైదరాబాద్ డాక్టరు రాసిన గోలీ అది. రోజూ పొద్దున్నే నలిపి, చెంచాడు నీళ్ళలో కలిపి పోస్తోంది మానస.

"తగ్గియ్యకు బిడ్డా," అంది ముసలామె. "ఆ నంబర్ తీరే ఉల్టా. అది పెరిగిందంటే మందు సాల్తలేదని. డాక్టర్‌కు సూపిస్తే ఇంక పెంచుతడు."

"నువ్వేమన్న డాక్టరువా?" అన్నాడు మహిపాల్.

"కాదు బిడ్డా."

"నర్సువా?"

"కాదు."

"మరి ఎక్కువ మాట్లాడకు."

ముసలామె ఏదో చెప్పబోయి, పక్కనున్న పాప రిబ్బను సరిచేస్తూ ఊరుకుంది.

పాపకు ఎనిమిదేళ్ళుంటాయేమో. గౌను, రెండు జడలు, వంచిన తల. మెల్లగా చెయ్యి చాపి పసివాడి పాదం ముట్టుకుంది.

"బాబు," అంది బొంగురు గొంతుతో.

మానస వాడి కాళ్ళ మీద తువ్వాలు కప్పేసింది. ఊళ్ళోవాళ్ళకు సలహాలిచ్చే బదులు ఈ ముసలామె తన మనవరాలి జలుబు సంగతి చూసుకోవచ్చు కదా అనుకుంది.

ముసలామె పాప చెయ్యి పట్టుకుని మెట్ల దాకా వెంట వచ్చింది.

"పిలగాడు ఏడుస్తడా బిడ్డా?"

"అస్సలు ఏడ్వడు," మానస గర్వంగా అంది.

"ఏడ్వాలె బిడ్డా. ఒక్కసారి డాక్టర్‌కు సూపియ్యి."

ఆటో కదిలింది.

వాళ్ళ ఊరు త్రిపురారంలో అందరూ వాణ్ణి మెచ్చుకున్నారు. ఏడవడు, మారాం చెయ్యడు, ఎక్కడ పడుకోబెడితే అక్కడే. ఇంత బుద్ధిమంతుణ్ణి ఎక్కడా చూడలేదన్నారు.

ఏడాదికి కూర్చోలేదు. మగపిల్లలకు కొంచెం ఆలస్యమే అన్నారు. హైదరాబాద్ ప్రయాణం నాట్లని ఒకసారి, కోతలని ఒకసారి వాయిదా పడింది. సగం గోలీ మాత్రం తప్పకుండా పడింది.

రెండేళ్ళు నిండినా వాడు "అమ్మా" అనలేదు.

సూర్యాపేటలో పిల్లల డాక్టరు ఆ పాత రిపోర్టు చూసి, దాని తేదీ కింద గీత గీశాడు.

"మందు సరిచేస్తాను. ఎదుగుతాడు, నడుస్తాడు కూడా. కానీ మెదడు పెరగాల్సిన రోజులు దాటిపోయాయమ్మా. వాటిని ఏ మందూ వెనక్కి తేలేదు."

మానసకు మెట్ల మీది ముసలామె గుర్తొచ్చింది. వెళ్ళి ఆమె కాళ్ళ మీద పడాలనిపించింది. పడితే మాత్రం ఏమొస్తుందో తెలియదు.

సోమవారం కొడుకును ఎత్తుకుని ల్యాబుకు వెళ్ళింది. బెంచీ ఖాళీగా ఉంది. ఇక్కడ కూర్చునే ముసలామె ఏదని అడిగింది.

"అంజమ్మనా? పోయిన ఎండకాలంల సచ్చిపోయింది," అన్నాడు రక్తం తీసే దామోదర్. "ఆమెకు టెస్టులేం లేవమ్మా. పసిపిల్లల రిపోర్టులు సోమవారం వస్తయని, నడిగూడెంల బస్సెక్కి వచ్చేది. ఎవలన్న తల్లి మందు ఆపుతదేమోనని ఆమె పరేషాన్."

మానస కొడుకును ఇంకో భుజానికి మార్చుకుంది.

"మరి ఆమె మనవరాలు ఎక్కడుంది?"

దామోదర్ చేతిలోని సూది పక్కన పెట్టాడు.

"కోదాడ కాడ ఆశ్రమంల ఏసిండ్రు. మనవరాలు కాదమ్మా, కన్నబిడ్డ. పుట్టినప్పుడు ఇదే థైరాయిడ్ రోగమని ఎవ్వలు పట్టలే, మందు పడలే. అందుకే నీ అసొంటోళ్ళకు చెప్పాలని వచ్చేది, కాని బిడ్డ ముంగట ఆ ముచ్చట నోటికి రాకపోయేది. పేరు జ్యోతి. పోయిన నెలనే ముప్పై నిండినయ్."