పక్కాయన గోడ

నిచ్చెన జారింది.

"ఓరి నాయనో!" అని అరిచాడు పైనున్న స్టీవెన్.

కింద ఎవరో దాన్ని గట్టిగా పట్టేసుకున్నారు. చూస్తే తెల్ల చొక్కా వేసుకున్న పెద్దాయన. ఎప్పుడొచ్చాడో, గోడ వంకే చూస్తున్నాడు.

"బతికించారు బాబాయ్! కాసేపు అట్టాగే పట్టుకోండి, పుణ్యముంటది."

జగ్గయ్యపేట, నందిగామ కలిపి వెతికినా పీవీసీ షీట్లు కొట్టడంలో స్టీవెన్ తర్వాతే ఎవరైనా. ఆ మాట జనం కన్నా ముందు స్టీవెనే చెప్పేస్తాడు.

అబద్ధం కూడా కాదు. షాహిదాబీ కుట్టు షాపు గోడ నిండా షీట్లు కొట్టాడు. అంచు పట్టీలు గీత గీసినట్టు కూర్చున్నాయి. ఇక పైన రేకు పట్టీ ఒక్కటే మిగిలింది. దాన్ని పక్క బిల్డింగ్ గోడకి బిగించాలి.

"ఎవరిదయ్యా ఆ గోడ?" అడిగాడు పెద్దాయన.

"దశరథరామయ్యంట, కంచికచర్లలో ఉంటాడు. నేనూ చూళ్లేదు, షాపు అక్కా చూళ్లేదు. ఎంగిలి చేత్తో కాకిని తోలడంట! అక్క ఫోన్ చేసి బతిమాలితే, నా గోడకి మేకు దిగిందా, మొత్తం పీకిస్తానన్నాడంట."

"మరెందుకు కొడతన్నావ్?"

"కొట్టకపోతే వాన నీళ్లు ఈ రెండు గోడల సందులోంచి షీట్ల వెనక్కి దిగుతాయి. గోడ మళ్లీ చెమ్మెక్కుద్ది. లోపలికి చూడండి, మీకే తెలుసుద్ది."

పెద్దాయన తొంగిచూశాడు.

లోపల షాహిదాబీ ఎవరిదో పెళ్లి జాకెట్టుకి పట్టిన బూజు మరక రుద్దుతోంది. పోవట్లేదు. కళ్లు తుడుచుకుని మళ్లీ రుద్దుతోంది.

పెద్దాయన చెప్పులు విడిచి, నిచ్చెన కాళ్లకి పాదాలు అడ్డం పెట్టి నిలబడ్డాడు.

"కానీయ్. నేను పట్టుకున్నాగా."

"ఆయనొస్తే మీరూ ఇరుక్కుంటారు బాబాయ్!" నవ్వాడు స్టీవెన్.

"వస్తే నేను మాట్లాడతాలే."

డ్రిల్లింగ్ మిషన్ రయ్యిమంది. స్క్రూలు దిగాయి. స్టీవెన్ పైనుంచి బకెట్టుడు నీళ్లు గుమ్మరించాడు. షీట్ల వెనక్కి చుక్క పోలేదు.

"చూశారా! స్టీవెనంటే ఏమనుకున్నారు మరి!" అంటూ దిగాడు.

కింద ఎవరూ లేరు.

షాహిదాబీ రెండు గ్లాసుల టీతో వచ్చింది. "అయ్యో, వెళ్లిపోయారా? పేరైనా అడగలేదా?"

"పనిలో పడి మర్చిపోయా అక్కా."

ఆమెకి గోడ బాగుపడ్డ సంతోషం కన్నా భయమే ఎక్కువైంది. వద్దన్నాక కొట్టడం తప్పేనంటూ దశరథరామయ్యకి ఫోన్ చేసి, స్పీకర్ పెట్టింది.

"క్షమించాలండి... మీ గోడకి..."

అవతల బస్సు హారన్ మోగింది.

"స్క్రూలు గట్టిగానే దిగాయిలేమ్మా," అందా గొంతు. "కాకిని తోలనోడు నిచ్చెన మాత్రం బాగానే పట్టుకుంటాడని మీ స్టీవెన్‌తో చెప్పు."