మిట్ట దాటాక మూడో గేటు

"మిట్ట దాటాక మూడో గేటుకి దూరంగా తిరుగు, మెంగియా. దగ్గరికెళ్తే మంచు కూలిపోతోంది." రేడియోలో సెరైనా గొంతు.

మెంగియా రేడియోని తన స్కీలు చూసుకునే రెతో ఒళ్లోకి విసిరేసింది. "విన్నావా? దూరంగా తిరిగితే అర సెకను పోతుంది. గాజుగోళం దాని పాలవుతుంది!"

సెరైనాదీ ఆమెదీ ఒకే జట్టు. ఏడాదంతా కొండల మీద జెండాల గేట్ల మధ్య స్కీ పందేలాడి, మొత్తమ్మీద గెలిచినవాళ్లకిచ్చే ఆ గోళం ఎవరిదో తేల్చే ఈ చివరి పందేనికి ఆరు పాయింట్ల తేడాతో వచ్చారు. ముందు దిగినవాళ్లు పైనున్నవాళ్లకి దారి చెప్పడం ఆనవాయితీ.

"సెరైనా అబద్ధం చెప్పదు." రెతో మోకాళ్ల మీద కూర్చుని ఆమె స్కీలు తుడుస్తున్నాడు. తలెత్తలేదు.

"ఎందుకు చెప్పదు? నేనైతే చెప్తాను!" అనేసింది. "పందెం ఇంతసేపు ఎందుకాపారు?"

"పొగమంచట."

పందెం మొదలయ్యే గది బయట ఎండ కళ్లు చెదరగొడుతోంది.

రేడియో మళ్లీ గరగరలాడింది. "మెంగియా, వింటున్నావా... దూరంగా..." ఆ మాట వెనకే ఎవరో మగమనిషి, "కాలు కదపకమ్మా, స్ట్రెచర్ వస్తోంది" అన్నాడు.

రెతో చేతిలో గుడ్డ ఆగిపోయింది.

మెంగియా రేడియో లాక్కుని రెండు చేతులా పట్టుకుంది.

"చెప్పవే," అంది. "ఎంత దూరంగా?"