మంచు కనిపెట్టే అమ్మాయి

కొమరోలులో బస్సు దిగి ఇల్లు చేరేదాకా స్వర్ణలత ఎక్కడా ఆగలేదు. మొన్న అమ్మ ఫోన్లో చెప్పిన మాటే చెవుల్లో మోగుతోంది. కొత్త బోరులో చుక్క నీరు పడలేదు, దుమ్మే లేచింది. నీళ్లు లేకపోతే ఈ ఎండలకు బత్తాయి తోట మిగలదు.

నాయన ప్రకాశరావు వసారాలో ఒక్కడే కూర్చుని ఉన్నాడు.

"ఏందమ్మా, చెప్పకుండా వచ్చినావు? ఆఫీసు లేదా?"

"తప్పంతా నాదే నాయనా. నన్ను తిట్టు" అంటూ ఆమె బావురుమంది.

విశాఖపట్నంలో ఆమె ఉద్యోగం ఉపగ్రహం పంపే బొమ్మలు చూసి, సముద్రం మీద పొగమంచు ఎక్కడ కమ్మిందో కనిపెట్టి పడవలవాళ్లను హెచ్చరించడం. ఆకాశంలోంచి అంత దూరం చూసే కూతురు సొంత చేను కింద నీళ్లు చూడలేదా అని ప్రకాశరావు పట్టిన పట్టు విడవలేదు. పోయిన వారం పని మధ్యలో మళ్లీ ఫోన్ చేస్తే, విసుగెత్తి "తూర్పు గట్టు పక్కన బోరు వెయ్యి నాయనా" అని పెట్టేసింది.

"నేనేమీ చూడలే. నోటికొచ్చింది చెప్పినా. మాకు కనపడేది మంచు పైపైనే నాయనా. దానిమీద ఎత్తున మబ్బు పట్టిందంటే ఆ మంచు గూడా కనపడదు. ఇంక భూమి కింద నాకేం తెలుస్తాది?"

ప్రకాశరావు లేచి దగ్గరికొచ్చాడు. కూతురి తల నిమిరాడు.

"ఏడవబాక. ఎండింది నువ్వు చెప్పిన చోట కాదు. మీ అమ్మ పోరు పడలేక, అరచేతిలో టెంకాయ పెట్టుకొని నీళ్లు చూసే ఆయన్ని కంభం నుంచి పిలిపించినా. ఆయన చూపించిన పడమటి మూలే ఎండింది."

స్వర్ణలతకు పోయిన ప్రాణం లేచి వచ్చింది. నాయన నష్టపోయి కూర్చుంటే తనకు ఇంత తేలికగా ఎందుకుందో తెలియక సిగ్గుపడింది కూడా. కళ్లు తుడుచుకుని, మొహం కడుక్కుందామని పెరట్లోకి వెళ్లింది. కొట్టం ఖాళీగా ఉంది.

"బర్రెలేవి నాయనా?"

ప్రకాశరావు మొహం పక్కకు తిప్పుకున్నాడు.

"చదువుకున్న బిడ్డ మాట ఇనకపోతిమే అని రాత్రంతా కుమిలిపోయినామమ్మా. ఉన్న రెండు బర్రెలూ అమ్మేసి, పొద్దున్నే బోరు బండిని నువ్వు చెప్పిన చోటికే తోలిచ్చినా."