పులితోళ్ల జట్టు

అడవి పందులతో ఫుట్‌బాల్ పోటీ. మైదానానికి ఏం వేసుకుని పోవాలన్న దగ్గరే జింకల జట్టులో గొడవ మొదలైంది.

"మన ఒంటి తోలుతోనే పోదాం. పోయేది ఆటకి, పెళ్లికి కాదు," అంది ముసలి గోల్‌కీపర్ జింక.

"మనం నడిచొస్తుంటేనే అవతలివాళ్ల కాళ్లు వణకాలి," అంది కెప్టెన్ జింక.

కెప్టెన్ మాటే నెగ్గింది. పాడుబడ్డ వేటగాడి బంగళాలో సరిగ్గా పదకొండు పులితోళ్లు దొరికాయి. అందరూ కప్పుకుని వరసగా నడిచారు. వాళ్లు పోతుంటే దారిలో పిట్టలు అరవడం మానేశాయి. కెప్టెన్ ఛాతీ ఉబ్బింది.

గోల్‌కీపర్ ఎప్పటిలాగే వరస చివర నడిచింది. తన వెనకాల ఇంకో అడుగుల చప్పుడు వినిపించింది. తిరిగి చూస్తే పులితోలే. మనవాళ్లే ఎవరో వెనకబడ్డారనుకుంది.

మైదానంలో పందులు లేవు. బంతి ఒక్కటే ఉంది.

"చూశారా, ఆడకుండానే గెలిచాం!" అంది కెప్టెన్. "ఇక తోళ్లు విప్పి ఆ కొమ్మకి తగిలించండి."

పదకొండు తోళ్లు కొమ్మకి వేలాడాయి. పన్నెండోది ఇంకా గడ్డిలో నిలబడే ఉంది.

"నువ్వూ విప్పెయ్," అంది కెప్టెన్, అటు చూడకుండానే.

"నాది ఊడదు," అంది అది, మెల్లగా.